దోనెలో నుంచున్నట్టు

కొల్లేటి లంకల్లో పెద్దింటమ్మా అని పిలిస్తే ఇంటికొకరు పలుకుతారు. కొల్లేటికోట అమ్మవారి పేరు పెట్టుకోని కుటుంబం ఆ నీటి మీద అరుదు. అందుకని మనిషిని గుర్తుపట్టడానికి పేరు ముందు ఏదో ఒకటి తగిలిస్తారు. రేవుకాడి పెద్దింటమ్మ, పొట్టి పెద్దింటమ్మ, ఇలాగ. ఊడ్పుల ముఠాకి పెద్దగా ఉండే పెద్దింటమ్మని మాత్రం పోలికల పెద్దింటమ్మ అనేవారు.

తొలకరి పడి మండవల్లి వైపు చేలు దమ్ముకి వచ్చేసరికి లంకలోంచి తొమ్మిదిమంది ఆడవాళ్ళు మూడు దోనెల్లో బయల్దేరేవారు. తాటిమాను తొలిచి చేసిన సన్నటి దోనెలు. ఒక్కోదానిలో ముగ్గురు ఒకరి వెనక ఒకరు కూర్చుంటే, వెనక్కొసన మగమనిషి నుంచుని గెడ వేస్తాడు. ముందు దోనె పెద్దింటమ్మది. దాన్ని నడిపేది ఆమె మొగుడు పోలయ్య. ముఠా పెద్ద దోనె ముందుండాలి, పెద్ద చూపు దారి మీద ఉండాలి అన్నది వాళ్ళ పద్ధతి. ఇరవై ఏళ్ళుగా ఆమె అలాగే కిక్కిసపొదల మధ్య దారి చూసుకుంటూ, వెనక వచ్చేవాళ్ళకి వీపు చూపిస్తూ వెళ్ళింది.

పెద్దింటమ్మకి తిట్టడం చేతకాదు. పనిలో తప్పు కనబడితే ఆమె నోట పోలిక వచ్చేది. నారు మరీ లోతుగా గుచ్చే పిల్లతో "పాతిపెడతన్నావేమే? పడుకోబెట్టు. నిద్రపోయిన బిడ్డ కింద నుంచి చెయ్యి తీసినట్టు తియ్యి" అనేది. వరస వంకర పోతే "పరజపిట్టల బారు చూడవే, ఒక్కటి పక్కకి జరిగిందా, వేటగాడి కన్ను దాని మీదే" అనేది. అందరూ నవ్వేవారు. నవ్వుతూనే చెయ్యి సరిదిద్దుకునేవారు.

ఆ అలవాటు ఆమెకి తండ్రి దగ్గర నుంచి వచ్చింది. పదేళ్ళ వయసులో ఆమె గెడ వెయ్యడం నేర్చుకుంటూ బురదలో గెడ ఇరికించేసి, దాన్ని పైకి లాగలేక ఏడిస్తే, ఆయన ఒక్క దెబ్బ వెయ్యలేదు. "పొడవకమ్మా. ఈనిన గేదె మీద చెయ్యి వేస్తావే, అలా వెయ్యి. అది కదిలితే నువ్వూ కదులు" అన్నాడు. ఆమెకి ఆ క్షణానే గెడ వచ్చేసింది. ఒక మాటతో మనిషి చేతుల్లోకి పని ఎలా దిగిందో ఆమె జీవితమంతా తలుచుకునేది. అది తండ్రి గొప్ప కాదనీ, అమ్మవారు ఆ పూట ఆయన నాలుక మీద పెట్టిన మాటనీ చెప్పేది.

ఆమె పోలికలన్నిటిలో పెద్దది, ప్రతి కొత్త పిల్లకీ మొదటి రోజే చెప్పేది ఒకటుంది. "దోనెలో నుంచున్నట్టు నుంచోవే."

దమ్ము చేసిన చేలో నిలబడడం మాటలు కాదు. పిక్కల దాకా బురద, పైన జానెడు నీళ్ళు, కింద నేల ఒక చోట గట్టి, ఒక చోట మెత్తన. బిగుసుకుని నుంచుంటే కాలు దిగబడిపోతుంది. మోకాళ్ళు వదులుగా పెట్టి, ఒంటి బరువు ఆ కాలి మీదకీ ఈ కాలి మీదకీ మారుస్తూ వెనక్కి జరగాలి. లంకలో పుట్టిన ఆడపిల్ల మాటలు రాకముందే దోనెలో నుంచుంటుంది. కాబట్టి ఆ ఒక్క మాటతో వాళ్ళకి కాళ్ళు వచ్చేసేవి. ఇరవై ఏళ్ళలో పెద్దింటమ్మ ముఠాలోంచి పని రాలేదని ఎవరినీ పంపెయ్యలేదు. ఆమెకి గర్వమంటూ ఉంటే అదొక్కటే.

ధాత నామ సంవత్సరం, అంటే పందొమ్మిది వందల ముప్పయ్యారు, శ్రావణమాసంలో ముఠాలోకి మంగ వచ్చింది.

మంగ ముఠాలో పనిచేసే కాంతానికి మేనకోడలు, కొత్తగా కోడలు. కాంతం అన్న ఎప్పుడో ఒక తుఫాను ఏట గుడిసె కొట్టుకుపోతే విసిగి లంక వదిలేసి, నల్లజర్ల వైపు మెట్టకి పోయి స్థిరపడ్డాడు. మంగ అక్కడే పుట్టి పెరిగింది. మేనరికం కలుపుకుందామని కాంతం తన కొడుకు చిట్టిబాబుకి చేసుకుంది. ఆషాఢం పుట్టింట్లో గడిపి, శ్రావణం రాగానే ఆ పిల్ల లంకకి వచ్చింది. పదహారేళ్ళుంటాయి. మాట తక్కువ. ఏం చెప్పినా "అలాగేనండి" అనేది.

చేలో మొదటి నారు ఈశాన్యం మూల పసుపు కుంకాలు చల్లి నాటుతారు. ఆ ముఠాలో అందరికన్నా కొత్తమనిషి చేత నాటించడం ఆనవాయితీ. మంగ దణ్ణం పెట్టుకుని నాటింది. మర్నాడు పొద్దున్న చూస్తే ఆ దుబ్బు నీటి మీద తేలుతోంది.

"అమ్మవారికి నచ్చలేదే!" అని కాంతం గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అమ్మవారు కాదు, కప్ప కదిపుంటుంది" అంది పెద్దింటమ్మ. అని, తనే వంగి దాన్ని మళ్ళీ నాటేసింది.

కానీ ఆ రోజూ ఆ తర్వాతా మంగ నాటినవి తేలుతూనే ఉన్నాయి. ఆ పిల్ల వంగితే నిట్రాటలా బిగుసుకుపోయేది. కాళ్ళు పిక్కలు దాటి దిగబడిపోయేవి. ఒక కాలు లాక్కునే లోపల రెండోది కూరుకుపోయేది. పక్కవాళ్ళు తమ తమ వరసలు నాటుకుంటూ వెనక్కి వెళ్ళిపోతే, మంగ చుట్టూ మూడు వైపులా పచ్చగా నారు లేచి, మధ్యలో ఆమె ఒక్కతీ బురదలో మిగిలిపోయేది. అలా మిగిలిన జాగాని ముఠా ఆడవాళ్ళు బందెలదొడ్డి అంటారు. పరాయి చేలో పడ్డ పశువుని కట్టేసే చోటు పేరు.

"మంగ బందెలదొడ్డిలో పడిందర్రోయ్! మునసబు గారికి చెప్పి విడిపించండర్రా!" అని కేకేసేది మాణిక్యం. ముఠాలో నోరున్న మనిషి ఆమె. మనసులో ఏమీ ఉండదు, నాలుక మీద మాత్రం ఏదీ ఆగదు.

ఏళ్ళ తరబడి ఎవరు వెనకబడినా ఇదే వేళాకోళం. అందరూ ఎప్పుడో ఒకప్పుడు పడ్డవాళ్ళే కాబట్టి ఎవరికీ బాధనిపించేది కాదు. మంగ మాత్రం రోజూ పడింది. తల ఇంకా కిందకి వంచుకునేది.

"దోనెలో నుంచున్నట్టే మంగా, దోనెలో నుంచున్నట్టు" అని పెద్దింటమ్మ మెల్లిగా చెప్పేది.

"అలాగేనండి పెద్దత్తా" అనేది మంగ. అని, ఇంకొంచెం బిగుసుకునేది.

పది రోజులు ఇదే జరిగింది. పెద్దింటమ్మకి ఏమీ పాలుపోలేదు. చెప్పే కొద్దీ ఆ పిల్ల పాడైపోతోంది. తన నోట్లో మాట ఇన్నాళ్ళకి చప్పబడిపోయిందా అనుకుంది. పొద్దున్న దీపం దగ్గర, "తల్లీ, ఏదైనా ఒక మంచి మాట ఇయ్యి" అని అడిగింది కూడా.

పదకొండో రోజు మధ్యాహ్నం, చేను గలాయన హనుమంతరావు గారు గట్టు మీదకి వచ్చారు. నెమ్మదైన మనిషి. ఎండగా ఉన్న రోజు మజ్జిగ కుండ పంపించకుండా ఉండేవారు కాదు. ఆ రోజు కూడా మజ్జిగతోనే వచ్చారు గానీ, మొహం బాగాలేదు.

"ఏం పెద్దింటమ్మా, ఈ ఏడు నీ ముఠా నడుస్తోందా, పాకుతోందా?"

"నడుస్తందండి బాబూ."

"ఎగువన బుడమేరు పొంగిందని నిన్న రైలు దిగినవాళ్ళు చెప్పారు. ఆ నీరు కొల్లేట్లో దిగి, కొల్లేరు నా చేలోకి ఎక్కడానికి వారం పట్టదు. అప్పటికి నారు వేరు పట్టుంటే బతుకుతుంది. లేకపోతే తేలి పెద్దకాలవలో పడుతుంది. ఇంకా ఎన్నాళ్ళు?"

"ఆరు రోజులండి."

"నాలుగు. నాలుగు రోజుల్లో కాదంటే పై ఊరి ముఠాని కూడా దింపాలి. నీ మీద కోపం కాదమ్మా, నీళ్ళు నా మాట వినవు కదా." ఆయన గొంతు తగ్గించారు. "ఆ చివరి అమ్మాయిని గట్టు మీద కూర్చోబెట్టేసెయ్. ఒక్కదాని కోసం ఎనిమిదిమంది ఆగుతున్నారు."

ఆ మాట మంగకి వినబడలేదు గానీ కాంతానికి వినబడింది. ఆయన వెళ్ళగానే బురదకాళ్ళతో గట్టెక్కి వచ్చింది.

"ఆయన చెప్పింది నిజమే అక్కా. నా మొహం చూసి నీ మాట పోగొట్టుకోకు. ఎల్లుండి నల్లజర్ల వైపు వెళ్ళేవాళ్ళున్నారు, మా అన్నకి కబురు పెట్టేస్తాను. వచ్చి తీసుకుపోతాడు."

"తీసుకుపోయి?"

"ఏమో! మళ్ళీ ఎప్పుడు తెచ్చుకుంటానో నేను చెప్పలేను. నీళ్ళలో పని రాని పిల్లని లంకలో పెట్టుకుని ఏం చెయ్యను? నాటిన మొదటి దుబ్బే తేలిపోయింది. ఆ రోజే అనుకున్నాను." కాంతం గొంతులో కోపం కన్నా సిగ్గు ఎక్కువగా ఉంది. ఏరికోరి తెచ్చుకున్న మేనకోడలు నలుగురిలో నవ్వులపాలవుతుంటే ఆమెకి తలెత్తుకోవడం కష్టమైంది.

"ఎల్లుండి దాకా ఆగు కాంతం" అంది పెద్దింటమ్మ. ఆగితే ఏం చేస్తుందో ఆమెకే తెలియదు.

ఆ సాయంత్రం దోనెలెక్కే ముందు మాణిక్యం కాలు ఆల్చిప్ప మీద పడి అరికాలు కోసుకుపోయింది. పెద్దింటమ్మ కొంగు చింపి, పసుపు అద్ది కట్టింది. "నా దోనెలో ముందు కూర్చో. అక్కడ జాగా ఎక్కువ, కాలు చాపుకోవచ్చు. నీ బదులు నేను ఆఖరి దోనెలో వస్తాను" అంది.

"పెద్ద దోనె నాకిచ్చావంటే రేపటి నుంచి ముఠా కూడా నాదే వదినా" అంది మాణిక్యం నొప్పితో మొహం ముడుచుకుంటూనే.

"తీసుకో తల్లీ. హనుమంతరావు గారితో మాట్లాడే పని కూడా నీదే."

ఆఖరి దోనెలో కాంతం, వెనక మంగ, ఆ వెనక గెడ వేస్తూ చిట్టిబాబు. పెద్దింటమ్మ చివర్న ఎక్కి ముందుకొసన కూర్చుంది. దారి చూడాల్సిన పని లేదు కాబట్టి, కాంతానికి నచ్చజెబుదామని వెనక్కి తిరిగి కూర్చుంది. ఇరవై ఏళ్ళలో దోనెలో ఆమె వెనక్కి తిరిగి కూర్చోవడం అదే మొదలు.

కాంతంతో ఏదో అనబోయి, ఆమె భుజం మీదుగా మంగని చూసి ఆగిపోయింది.

మంగ రెండు చేతులతో దోనె అంచులు పట్టుకుని ఉంది. వేళ్ళ కణుపులు తెల్లబడిపోయాయి. కళ్ళు మూసుకుంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి, ఏ దేవుడి పేరో. గాలికి దోనె కాస్త ఒరిగినప్పుడల్లా ఆ పిల్ల ఒళ్ళంతా కర్రలా అయిపోతోంది. రేవు చేరి అందరూ లేచారు. మంగ కూడా లేచింది. మోకాళ్ళు బిగించి, కాలివేళ్ళతో అడుగుని పట్టుకుని, మెడ భుజాల్లోకి లాక్కుని నుంచుంది. 

చేలో పది రోజులుగా చూస్తున్న నిలుపు సరిగ్గా అదే.

పెద్దింటమ్మకి నవ్వు వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. "ఓరి చిట్టిబాబూ, ఈ పిల్ల రోజూ ఇలాగే వస్తందా?"

"ఆయ్. అదే అలవాటైపోద్దిలే అనుకున్నానండి పెద్దమ్మా."

ఆమె మంగ చెయ్యి పట్టుకుని గట్టుకి దింపింది. "అమ్మాయ్, నేను దోనెలో నుంచున్నట్టు నుంచోమంటే నీకేమనిపించేదే?"

మంగ వెనక్కి తిరిగి నీళ్ళ వంక చూసింది. "మునిగిపోతానేమో అనిపించేదండి."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"మీరు చెప్పినట్టే చేస్తన్నాను కదండీ!"

ఆ మాటలో ఎక్కడా నిష్ఠూరం లేదు. పెద్దమనిషి దోనెలో నుంచున్నట్టు అంది. తను దోనెలో ఎలా నుంచుంటుందో అలాగే చేలో నుంచుంది. పది రోజులుగా చెప్పిన మాట తు.చ. తప్పకుండా చేసినందుకే నవ్వులపాలైంది.

ఇంటికి వెళ్ళి పెద్దింటమ్మ ఈ సంగతి చెబితే పోలయ్య చుట్ట పక్కన పెట్టి నవ్వాడు. "బాతుపిల్లలకి చెప్పే పాఠం కోడిపిల్లకి చెప్పావన్నమాట."

"ఇరవై ఏళ్ళ నుంచి నా మాటకి బలం ఉందనుకున్నాను మావా. బలం మాటది కాదు, వాళ్ళ కాళ్ళది. దోనె వాళ్ళ కాళ్ళలో ముందే ఉంది కాబట్టి నా మాట పలికింది. ఈ పిల్ల కాళ్ళలో ఏముందో నేను ఒక్కనాడూ అడగలేదు."

"అడుగు మరి. నోరు నీకేమైనా తక్కువా?"

దీపాలు పెట్టే వేళకి ఆమె కాంతం ఇంటికి వెళ్ళింది. మంగని అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకుంది. ఈసారి పోలిక చెప్పలేదు.

"మీ మెట్టూళ్ళో నువ్వేం పని చేసేదానివే?"

"అన్నీ చేసేదాన్నండి. కలుపు తీసేదాన్ని. మా అయ్య తాళ్ళు పేనుతాడు కదండీ, ఆయనతో పేనేదాన్ని. మా మోకులు తాడేపల్లిగూడెం సంతకి వెళ్ళేవండి." తాళ్ళ మాట వచ్చేసరికి ఆ పిల్ల గొంతు కొంచెం లేచింది.

"తాడు పేనేటప్పుడు నుంచుంటావా, కూర్చుంటావా?"

"నడుస్తానండి. వెనక్కి."

పెద్దింటమ్మ ముందుకి జరిగింది. "వెనక్కా! ఎలాగో నాకు చూపించు."

పోలయ్య వల తాళ్ళకని దాచుకున్న జనుము తెచ్చారు. చిట్టిబాబు గుంజ దగ్గర కూర్చుని, పురి ఎక్కేలా కొక్కెం తిప్పాడు. మంగ జనుము ఒడిలో దోపుకుని, కొస కొక్కేనికి తగిలించి, రెండు వేళ్ళతో వదులుతూ వెనక్కి అడుగులు వేసింది. మోకాళ్ళు మెత్తగా ఉన్నాయి. మడమ వెనక నేలని తడిమి, తగిలాక అప్పుడు బరువు మారుతోంది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. చూస్తుండగా పెరటి దాకా తాడు సాగింది. దీపం వెలుగులో ఆ పిల్ల మొహం ఎవరిదో కొత్తమనిషిదిలా ఉంది.

"నేనూ వేస్తాను" అని పెద్దింటమ్మ జనుము తీసుకుంది. నాలుగడుగులకే పురి తెగింది. మళ్ళీ వేస్తే ముద్ద కట్టింది.

"లాగకూడదండి పెద్దత్తా" అని మంగ పకపకా నవ్వింది. లంకకి వచ్చాక ఆమె నవ్వు ఎవరూ విని ఉండలేదు. "అదే అడుగుద్దండి. అడిగినంత ఇచ్చి, ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. తొందరపడితే తెగుద్ది, ఆలస్యమైతే లావైపోద్ది."

"ఒడిలో జనుము, చేతి వేళ్ళు, వెనకడుగు. అంతేనా?"

"అంతేనండి."

పెద్దింటమ్మ నోటి దాకా వచ్చిన మాటని మింగేసింది. అది ఆమెకి ఎంత కష్టమో లంకలో అందరికీ తెలుసు. కాసేపటికి మంగే చేతిలో జనుము వంక చూసుకుని, మెల్లిగా అంది. "చేలో కూడా... ఎడం చేతిలో నారుకట్ట ఉంటాది కదండీ."

"ఉంటాది."

"వెనక్కే నడుస్తాం కదండీ."

"నడుస్తాం తల్లీ."

తలుపు చాటున కాంతం నుంచుని ఉంది. అంతా చూసింది. కబురు పెట్టే సంగతి మాత్రం ఆ రాత్రి ఎత్తలేదు.

మర్నాడు చేలో అద్భుతమేమీ జరగలేదు. మొదటి జాములో మంగ రెండుసార్లు దిగబడింది. పెద్దింటమ్మ ఆమె వైపు చూడకుండా తన వరస తను నాటుకుంది. మూడోసారి మంగ లేచి, కళ్ళు మూసుకుని, ఎదురుగా ఎవరో కొక్కెం తిప్పుతున్నట్టు ఒక్క క్షణం నుంచుంది. తర్వాత మడమతో బురదని తడిమింది. ఒక దుబ్బు, ఒక అడుగు. ఒక దుబ్బు, ఒక అడుగు. మధ్యాహ్నం రైలు కూసే వేళకి ఆమె బందెలదొడ్డి చిన్నదవుతూ వచ్చి, చివరికి మూసుకుపోయింది.

"మునసబు గారు వదిలేశార్రోయ్!" అని కేకేసింది మాణిక్యం, గుడ్డ కట్టిన కాలుతో గట్టు మీద కూర్చుని నారుకట్టలు అందిస్తూ.

అన్నం దగ్గర పెద్దింటమ్మకి ఒక బుద్ధి పుట్టింది. అందరినీ అడిగింది. "నారు నాటతా ఉంటే మీకు దేనిలా ఉంటాదర్రా? నా దోనె సంగతి వదిలెయ్యండి. మీ మాటే చెప్పండి."

"నాకా?" అంది మాణిక్యం. "మా ఆయన నిద్రపోతుంటే మొలలోంచి చుట్ట తీసినట్టుంటాది. కదలకూడదు, మెదలకూడదు, ఠక్కున లాగెయ్యాలి."

నవ్వులు ఆగాక ఒకామె పూలు కడుతున్నట్టుంటుందంది. ఇంకొకామె చేపపొలుసు తీసినట్టంది. ఒక్కొక్కరు చెబుతుంటే, వాళ్ళ చేతులు ఎందుకు అలా కదులుతాయో పెద్దింటమ్మకి అప్పుడు తెలిసింది.

"నీకో కాంతం?"

"నాకేమీ ఉండదు. నడుం నొప్పి, అంతే" అంది కాంతం.

అదీ నిజమే అని అందరూ ఒప్పుకున్నారు. కాంతానికి నడుం నొప్పని ఎవరూ అంతకు ముందు వినలేదు. ఆ నొప్పి నిజంగానే పెరుగుతూ వచ్చిందని నాలుగో రోజు తేలింది.

నాలుగో రోజుకి కొల్లేటి నీరు దిగువ గట్టుని తాకింది. మిగిలింది ఒక్క పెద్ద మడి. మబ్బు కమ్మింది. తాటాకు గిడుగులు తల మీద వేసుకుని తొమ్మిదిమందీ వరసగా దిగారు. మాణిక్యం కూడా కుంటుకుంటూ దిగింది. సగం మడి అయ్యేసరికి వరసలో ఒక చోట నోరు తెరుచుకుంది. ఈసారి వెనకబడింది మంగ కాదు, కాంతం. ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, రెండో చేత్తో నాటుతూ, చుట్టూ నారు లేస్తుంటే మధ్యలో మిగిలిపోతోంది.

మాణిక్యం నోరు తెరిచింది గానీ, వయసులో పెద్దదైన కాంతాన్ని వేళాకోళం చెయ్యలేక మళ్ళీ తన వరస మీదకి వంగింది. ఎవరి వరస వాళ్ళు ముగించుకుని రావాలి, అదే పద్ధతి. గట్టు మీద హనుమంతరావు గారు గొడుగు పట్టుకుని నీళ్ళ వంకా, మడి వంకా చూస్తున్నారు.

కాంతానికి పక్క వరస మంగది. మంగ ఆగింది. తన వరస నాటుతూనే చెయ్యి చాపి, అత్త వరసలోంచి కూడా రెండేసి దుబ్బులు నాటడం మొదలుపెట్టింది.

"అదేంటే? నా వరస నువ్వు ముట్టుకుంటావేం?" అంది కాంతం. ఒకరి వరసలో ఇంకొకరు చెయ్యి పెడితే చేతకానితనం చూపించినట్టే.

"తాడు సన్నబడిందత్తా" అంది మంగ, తలెత్తకుండా. "సన్నబడిన చోట పక్క నుంచి జనుము కలుపుతాం. కలపకపోతే తాడంతా అక్కడే తెగుద్ది. ఒక్క మనిషిది కాదు కదా, మోకు అందరిదీ."

కాంతం కోడలి చెయ్యి తన వరసలోకి వచ్చిపోతున్న తీరు చూసి, మళ్ళీ వంగి నాటింది. కాంతానికి అటు పక్కనున్న పెద్దింటమ్మ కూడా అటు నుంచి రెండేసి దుబ్బులు నాటింది. అది చూసి మంగ పక్కనున్నామె మంగ వరసలోంచి కొంచెం తీసుకుంది. ఆమె పక్కనామె ఆమెలోంచి. అలా వరసంతా మెల్లిగా ఒకరి మీదకి ఒకరు జరిగి, నోరు తెరుచుకున్న చోటు పూడిపోయింది. తొమ్మిదిమందీ ఒక్కసారే గట్టుని తాకారు. ఆ ముఠాలో అంతకు ముందెప్పుడూ అలా జరగలేదు.

హనుమంతరావు గారు గొడుగు మూసేశారు. "పై ఊరికి కబురు పెట్టక్కర్లేదన్నమాట" అన్నారు. ఆయన కళ్ళు మంగ మీద ఒక్క క్షణం ఆగాయి. "గట్టు మీద కూర్చోబెట్టమన్నది నేనేనమ్మా. తప్పయింది" అన్నారు. రైతు కూలిపిల్లతో ఆ మాట అనడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. మంగకి మాత్రం ఆయన ఎందుకలా అన్నారో తెలియక, "అలాగేనండి" అంది.

ఇంటికి బయల్దేరే ముందు కాంతం మంగని ఈశాన్యం మూలకి తీసుకెళ్ళింది. తన ఒడిలో మూటగట్టి తెచ్చిన పసుపు కుంకాలు తీసింది. ఎప్పుడు తెచ్చిందో ఎవరికీ తెలియదు. "ఇక్కడున్నది మీ పెద్దత్త నాటింది. దాని పక్కన నీ చేత్తో ఒకటి నాటు" అంది. మంగ నాటింది.

మూడో నాటికి కొల్లేరు చేలోకి ఎక్కింది. మోకాలి లోతు వచ్చి, వారం ఉండి, దిగిపోయింది. ఆఖరున నాటిన మడిలో కొంత నారు పోయింది, పోలేదని చెప్పడం అబద్ధం. తక్కినదంతా నిలిచింది. ఈశాన్యం మూల రెండు దుబ్బులూ నిలిచాయి. నల్లజర్లకి ఆ తర్వాత కబురు వెళ్ళింది గానీ, అది దసరాకి అన్నగారిని రమ్మని.

బందెలదొడ్డి అన్న మాట ఆ ముఠాలో మెల్లిగా మరుగున పడిపోయింది. ఎవరూ వద్దనలేదు, అనే అవసరం రాలేదంతే. ఎవరైనా వెనకబడితే "జనుము, జనుము" అనేవారు, పక్కవాళ్ళు చెయ్యి చాపేవారు.

పెద్దింటమ్మ పోలికలు మానలేదు. మానితే ఆమె పెద్దింటమ్మ ఎలా అవుతుంది? కానీ కొత్తమనిషి వస్తే ముందు పక్కన కూర్చోబెట్టుకుని, "నీకేం పని వచ్చమ్మా? అది చేస్తుంటే నీకెలా ఉంటాది?" అని అడిగేది. జవాబు వచ్చేదాకా ఓపిగ్గా కూర్చునేది.

ఇంకొకటి కూడా మారింది. ఆ శ్రావణం నుంచి ఆమె దోనె అన్నిటికన్నా వెనక వచ్చేది.

"ముఠా పెద్ద దోనె వెనక రావడమేంటే? నలుగురూ నవ్వరూ?" అని మొదటి రోజు పోలయ్య గెడ వేస్తూ సణిగాడు.

"దారి చిట్టిబాబు చూస్తాడులే మావా. మనుషుల్ని నేను చూసుకుంటాను" అంది.

ముందున్న చిట్టిబాబు దోనెలో మంగ ఇంకా అంచులు పట్టుకునే కూర్చుంది. కాకపోతే ఒక్క చేత్తో. రెండో చేత్తో అత్త నడుం నొక్కుతోంది.